పిండి ఎవరు రుబ్బుతున్నారు?

2020 మార్చి 25. శార్వరి నామ సంవత్సర ఉగాది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన తొలిరోజు. సరిగ్గా ఆ రోజే జీ5లో 'అమృతం ద్వితీయం' మొదలైంది. కోట్లాదిమంది తెలుగువాళ్ళు గడప దాటలేక, చేతిలో ఫోను పట్టుకుని, నవ్వించేవాడి కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసిన రోజులవి. అంతటి తీరిక గల ప్రేక్షకసమూహం ఏ హాస్యరచయితకూ అంతకుముందు దొరికి ఉండదు, అటువంటి కారణంతో మళ్ళీ దొరక్కుండుగాక. అయినా ఆ ధారావాహిక వచ్చింది, కొన్నాళ్ళుంది, వెళ్ళిపోయింది. ఇవాళ ఎవరినైనా ఆపి అందులో ఒక్క సన్నివేశం చెప్పమని అడిగి చూడండి. నన్ను అడిగినా అంతే. నేను శ్రద్ధగానే చూశాను. హర్షవర్ధన్, ఎల్.బి. శ్రీరాం, శివన్నారాయణ, వాసు ఇంటూరి ముఖాలు గుర్తున్నాయి. హోటలు గోడలు లీలగా గుర్తున్నాయి. జరిగినది మాత్రం ఏమీ గుర్తులేదు.

దీనికి మిత్రులు చెప్పే కారణాలు విని విని విసిగి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. గుండు హనుమంతరావు లేడు కదా, ఆంజనేయులు లేని అమృతం ఏం అమృతం అని కొందరంటారు. ఆయన 2018 ఫిబ్రవరిలో పోయాడు. ఆ లోటు నిజమే, నేనూ బాధపడినవాణ్ణే. కానీ మొదటి 'అమృతం'లో సాక్షాత్తూ అమృతరావు పాత్రే శివాజీరాజా నుంచి నరేష్‌కు, నరేష్ నుంచి హర్షవర్ధన్‌కు చేతులు మారింది. జనం గొణిగారు, తరువాత చూశారు. 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా 313 భాగాలు చూశారు. కథానాయకుణ్ణి మారిస్తే ఓర్చుకున్న ప్రేక్షకుడు, పక్కపాత్రలో శ్రీరాం గారంతటి నటుడు వస్తే ఓర్చుకోలేడా? మరికొందరు కరోనాను చూపిస్తారు. చిత్రీకరణలు ఆగిపోయిన మాట వాస్తవం. కానీ తీసి చూపించిన భాగాలు ఎందుకు గుర్తులేవో దానితో తేలదు.

ఇక మూడో కారణం ఉంది. దానిమీదే నాకు కోపం. "జనం మారిపోయారండీ, ఆరోగ్యకరమైన హాస్యాన్ని ఆస్వాదించే ఓపిక పోయింది" అంటారు. వంటవాడు ఉప్పు మరిచిపోయి, తినేవాడి నాలుక చచ్చిపోయిందన్నట్టుంది ఈ వాదన.

నా మట్టుకు నాకు అసలు కారణం 2002లోనే తెలిసింది. చెప్పినవాడు సాహిత్య విమర్శకుడు కాడు. మా నాయన.

మాది పుంగనూరు. (ఈ పేరు వినగానే చదువరుల్లో సగంమందికి ఆవు గుర్తుకొస్తుందని నాకు తెలుసు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి మా పొట్టి ఆవులకు మేత పెట్టిన నాటినుంచి ఎక్కడికి వెళ్ళినా ఆవు ఎత్తెంత అని అడుగుతున్నారు. మూడడుగులకు లోపే ఉంటుంది. ఇక ముందుకు పోదాం.) మా నాయన బస్టాండు దగ్గర చిన్న హోటలు నడిపేవాడు. ఆరు బల్లలు, ఒక మాస్టరు, ఇద్దరు సప్లయర్లు, గల్లాపెట్టె వెనక వెంకటేశ్వరస్వామి పటం. ఆదివారం రాత్రి జెమినీలో 'అమృతం' వచ్చే వేళకు మా ఇంట్లో అందరం టీవీ ముందు చేరేవాళ్ళం. సిరివెన్నెల రాసి కల్యాణి మాలిక్ స్వరపరిచిన ఆ పాట మొదలైతే వీధిలో పిల్లలు కూడా ఆట ఆపి లోపలికొచ్చేవాళ్ళు. అలాంటి ఒక రాత్రి నాయన తడిచేతులతో వచ్చి, ద్వారబంధానికి ఆనుకుని, పది నిమిషాలు చూశాడు. మేమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నాం. ఆయన నవ్వలేదు.

"ఒరే, ఆ హోటల్లో పిండి ఎవురు రుబ్బుతుండారు?" అన్నాడు.

"అది నాటకం నాయనా" అన్నాను.

"నాటకమైతే మాత్రం ఇడ్లీ తినరా?" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ మాటకు మేము మళ్ళీ నవ్వాము. ధారావాహిక చూసి నవ్విన దానికంటే ఎక్కువగా నవ్వాము. నవ్వడానికి పనికొచ్చే సంగతి తెరమీద కాక ద్వారబంధం దగ్గర పలికిందని నాకు అప్పుడు తోచలేదు. తోచడానికి పద్ధెనిమిదేళ్ళు, ఒక రెండో భాగం పట్టింది.

పిండి రుబ్బడమంటే ఏమిటో ఒకసారి చూడండి. మధ్యాహ్నం బియ్యం, ఉద్దిపప్పు వేరువేరుగా నానబోయాలి. చీకటి పడేసరికి గ్రైండరు తిరగాలి. మా ఊళ్ళో కరెంటు సరిగ్గా గ్రైండరు తిరిగే వేళను కనిపెట్టి పోయేది. అప్పుడు నాయన గుండువేసిన గిన్నె నెత్తిన పెట్టుకుని, కరెంటు పోని పక్కవీధిలో ఎవరి గ్రైండరు ఖాళీగా ఉందో వెతుక్కుంటూ పోయేవాడు. ఆ ఖాళీ గ్రైండరు ఆయన పోటీదారుడిదే అయి ఉండేది. ఆ పోటీదారుడి దగ్గర నాలుగు రోజుల కింద మాటా మాటా అనుకుని ఉండేవాడు. మా పడమటి మండలాలు సముద్రమట్టానికి 2000 అడుగుల పైచిలుకు ఎత్తున ఉంటాయి. పుష్యమాసపు చలికి పిండి పులవదు. గిన్నెకు గోనెపట్టా చుట్టి, పొయ్యి పక్కన పెట్టి, పసిబిడ్డను చూసినట్టు రాత్రి రెండుసార్లు లేచి చూసేవాడు. మూడు గంటలకు లేచి హోటలు తలుపు తీస్తే మాస్టరు ఉండడు. అడ్వాన్సు తీసుకుని రాత్రి ఆఖరి బస్సుకు బెంగుళూరు వెళ్ళిపోయి ఉంటాడు. ఏడు గంటలకు మొదటి బస్సు ప్రయాణికులు దిగుతారు. దోసె లేదని వాళ్ళకు చెప్పవలసిన మనిషి ముఖం చూశారా మీరు? నేను చూశాను. అందులో ఎంత హాస్యముందో, ఎంత ఏడుపుందో ఇప్పటికీ తూకం వేసుకుంటూనే ఉన్నాను.

ఇదంతా ఎక్కడికి పోయింది? అమృతవిలాస్ అనే హోటలు పేరు ఆరేళ్ళపాటు ప్రతివారం విన్నాం. నాకు గుర్తున్నంతలో, ఆ హోటలు బాగా నడవదన్నది కథకు ముందే ఇచ్చేసిన విషయం, గణితంలో దత్తాంశంలాగా. ఎందుకు నడవదో, ఎక్కడ నష్టం వస్తోందో, పాలవాడికి బాకీ ఎంతో, సప్లయరు ఎందుకు అలిగాడో కథకు అంతగా పట్టదు. హోటలు ఒక గోడ. దానిముందు ఇద్దరు మిత్రులు, ఇద్దరు భార్యలు, ఒక ఇంటి ఓనరు. 'అమృతం' నాకు ఇష్టం, దాచుకోను. శివన్నారాయణ అప్పాజీగా నోరు తెరిస్తే ఇప్పటికీ నవ్వుతాను. గుణ్ణం గంగరాజు తెలుగు టెలివిజన్‌కు చేసిన ఉపకారం చిన్నది కాదు. ఏడుపుగొట్టు ధారావాహికల మధ్య అరగంటపాటు మనుషులు మామూలుగా మాట్లాడుకున్నారు. కానీ అది నిలిచినది హోటలు వల్ల కాదు. సులువుగా డబ్బు వచ్చిపడాలనే ఆ మిత్రులిద్దరి యావ వల్ల. ఆ యావ నిజమైనది, ప్రతి మధ్యతరగతి ఇంట్లోనూ ఉన్నది. పని లేకపోయినా యావ బండిని లాగింది.

ఆ తరువాత 2014లో 'చందమామలో అమృతం' అనే సినిమా వచ్చింది. అందులో హోటలును ఏకంగా చంద్రుడి మీదికి తీసుకువెళ్ళారు. పుంగనూరు బస్టాండు దాకా రాలేని హోటలు చందమామ దాకా ఎలా వెళ్ళగలిగిందా అని అప్పుడే నాకు అనుమానం వచ్చింది. భూమ్మీద పెట్టవలసిన పొయ్యి పెట్టకపోతే ఎక్కడికైనా వెళ్ళవచ్చు, బరువేముంటుంది? ఇక 2020 నాటి రెండో భాగానికి వచ్చేసరికి పాత్రల అలవాట్లు వారసత్వంగా వచ్చాయి, వాటి కింద ఉండవలసిన నేల రాలేదు. తాత వేసుకున్న కోటు మనవడు వేసుకున్నట్టుంది తప్ప, లోపల మనిషి కనపడలేదు నాకు.

"హాస్యానికి ఇంత లెక్క అవసరమా? అది డాక్యుమెంటరీ కాదు కదా" అని ఆక్షేపించేవారున్నారు. వారికోసం ఒక చిన్న సంగతి. 1970లో మాంటీ పైథాన్ బృందం ఇంగ్లండులోని టార్కీ అనే సముద్రతీర పట్టణంలో ఒక హోటల్లో దిగింది. ఆ యజమానికి అతిథులంటే పరమ చిరాకు. తక్కినవాళ్ళు చాలామటుకు వేరే హోటలు చూసుకున్నారు. జాన్ క్లీజ్ మాత్రం అక్కడే ఉండిపోయి ఆ మనిషిని గమనించాడు. అందులోంచి 'ఫాల్టీ టవర్స్' పుట్టింది. 1975లో ఆరు భాగాలు, 1979లో ఆరు. మొత్తం కలిపి పన్నెండు. యాభై ఏళ్ళు దాటినా జనం ఇంకా చెప్పుకుంటున్నారు. మనదగ్గర జస్పాల్ భట్టీ 1989లో దూరదర్శన్‌లో చేసిన 'ఫ్లాప్ షో' పది భాగాలే. అల్పాయుష్షు వల్ల ఏదీ మరుగున పడదు. ఫాల్టీ టవర్స్‌లో జరిగే వాటిలో సగం లోకంలో జరగనివే. అయితే ఆ అతిశయోక్తి అంతా ఒక వంటగది చుట్టూ, ఒక గంట మోగే కౌంటరు చుట్టూ, ఒక వడ్డించేవాడి భాషా కష్టాల చుట్టూ తిరుగుతుంది. అతిశయించడానికి ముందు ఒక శయ్య ఉండాలి కదా. (శబ్దం కోసం అన్నాను, వ్యాకరణ పండితులు క్షమించాలి.)

విదేశీ ఉదాహరణలు మనకెందుకంటారా? సరే. అదే 2020లో, అదే కరోనా కాలంలో, నవంబరులో 'మిడిల్ క్లాస్ మెలొడీస్' అనే సినిమా అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది. వినోద్ అనంతోజు తీశాడు. దానిలోనూ హోటలే. గుంటూరు పక్క పల్లెటూళ్ళో తండ్రి హోటలు, గుంటూరులో హోటలు పెట్టాలని కొడుకు ఆరాటం, మధ్యలో బొంబాయి చట్నీ. సినిమా కనుక రెండున్నర గంటల్లో అయిపోతుంది, ధారావాహిక కాదు, పోలిక పూర్తిగా న్యాయం కాదని ఒప్పుకుంటాను. కానీ ప్రేక్షకులు వాళ్ళే. అదే ఇల్లు, అదే ఫోను, అదే లాక్‌డౌన్ అలసట. ఆ సినిమాను గుర్తుపెట్టుకున్నారు. తండ్రిగా వేసిన గోపరాజు రమణ తిట్లను ఇంట్లో అనుకరించారు. అప్పుడు మారిపోయిన జనం ఎక్కడికి పోయారు?

నాయనకు ఆ సినిమా నేనే ఫోనులో చూపించాను. హోటలు మూసేసి అప్పటికి చాలా ఏళ్ళయింది. కళ్ళజోడు పైకి తోసుకుని చూస్తూ చూస్తూ చట్నీ దగ్గర ఆపమన్నాడు. "శెనగపిండి రవంత ఎక్కువైండాది" అన్నాడు. నటుల గురించి కాదు, చట్నీ గురించి. వృత్తి తెలిసినవాడు తప్పు పట్టగలిగేటంత నిజంగా తెరమీద ఒక వస్తువు ఉంది. 'అమృతం' 313 భాగాల్లో ఆయన తప్పు పట్టడానికి కూడా ఏమీ దొరకలేదు.

భాష మాట కూడా ఎత్తుకుంటాను, ఎత్తుకోకపోతే మా పడమటి ప్రాంతం నన్ను క్షమించదు. మన హాస్య ధారావాహికల్లో అందరూ ఏ ఊరివాళ్ళో తెలియని తెలుగు మాట్లాడతారు. ఊరు తెలియాల్సి వస్తే అది గోదావరి. గోదావరి యాస మీద నాకే ద్వేషమూ లేదు. మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో కూర్చుని దశాబ్దాలుగా గోదావరి చమత్కారాలను అధోజ్ఞాపికలు లేకుండానే అర్థం చేసుకుని నవ్వుతున్నాం. ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ అనీ, ఉర్లగడ్డ అంటే బంగాళాదుంప అనీ, బొరుగులంటే మరమరాలనీ తెలుసుకునే కష్టం మాత్రం అవతలివాళ్ళకు పెట్టకూడదట! "మార్కెట్టు ఒప్పుకోదండీ" అంటారు. నామిని 'సినబ్బ కథలు' చదివి నవ్విన తెలుగువాళ్ళంతా చిత్తూరు జిల్లావాళ్ళేనా? 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'సినిమా బండి' చూడండి. ప్రవీణ్ కాండ్రేగుల తీసింది. పుంగనూరు దాటి పడమరగా పోతే వచ్చే ముళబాగిలు ప్రాంతపు సరిహద్దు పల్లెల వాతావరణం, ఆ మాట, ఆటో నడిపేవాడి చేతికి చిక్కిన కెమెరా. ఎవరూ అనువాదం అడగలేదు. అదే ఏడాది చివర్లో 'పుష్ప'తో చిత్తూరు మాట దేశమంతా తిరిగింది, నిజమే. అయితే గొడ్డలి పట్టుకుని, దుంగలు మోస్తూ తిరిగింది. మా మాటలో నరకడమే కాదు, బేరమాడతాం, బాకీ వసూలు చేస్తాం, అర్జీలు రాస్తాం, పక్కవాడి ఆఫీసరు మీద చాడీలు చెబుతాం. ఆ పనులు చేసుకునే మనుషులు తెరమీద ఎక్కడ?

మదనపల్లె గురించి ఎవరైనా రాస్తే జిడ్డు కృష్ణమూర్తి పుట్టాడని, 1919లో రవీంద్రుడు జనగణమనను ఇంగ్లీషు చేశాడని రాస్తారు. మంచిదే. కానీ తెల్లవారుజామున నీరుగట్టువారిపల్లె వైపు వెళ్ళి టమోటా మార్కెట్టులో ఒక గంట నిలబడినవాడు ఎవడూ హాస్యానికి వస్తువు లేదనడు. క్రేట్ల కొండల మధ్య వేలం. కొనేవాడు ఒక భాష, అమ్మేవాడు ఒక భాష, అంకెలు మాత్రం అందరికీ తెలిసిన భాష. కమిషను, హమాలీ కూలి, తరుగు పోగా మిగిలిన చీటీని రైతు అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంటాడు. 2023 జూలైలో కిలో ధర రెండు వందల దాకా ఎగబాకినప్పుడు టమోటా తోటకు రాత్రిళ్ళు కాపలా పడుకున్నారు. ఇంకో ఏడు అదే పండును కోత కూలి కూడా రాదని రోడ్డు పక్కన పారబోశారు. కోటీశ్వరుడూ బికారీ ఒకే చొక్కాలో తిరిగే ఇంతటి కార్యస్థలం ఇంకెక్కడుంది? దీని మీద ఒక్క ధారావాహిక నేను చూడలేదు. హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు, అందులో కాఫీ యంత్రం, దాని పక్కన ప్రేమ. ఆ ఆఫీసులో ఏ సాఫ్ట్‌వేరు తయారవుతోందో దేవుడికే తెలియాలి. మళ్ళీ అదే ప్రశ్న, పిండి ఎవరు రుబ్బుతున్నారు?

నేను కుప్పంలో ఒక కార్యాలయంలో నాలుగేళ్ళు గుమాస్తాగా పనిచేశాను. తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే వరుసలో నిలబడే ఊరది. ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని 1997లో అక్కడ పెట్టడం ఊరికే జరగలేదు. ఒకనాడు తమిళం మాట్లాడే పెద్దాయన ఒకాయన అర్జీ తీసుకుని వచ్చాడు. వెంట కాగితాల కట్ట. అందులో ఒకటి అనవసరం. తీసి చేతికిచ్చి, "పెద్దయ్యా, ఇది అవసరం లేదు" అన్నాను. ఆయన ముఖం విప్పారింది. దండం పెట్టి, అర్జీతో సహా కట్టంతా సర్దుకుని వెళ్ళిపోయాడు. విచిత్రంగా ఉందే అనుకుని తరువాతి మనిషిని పిలిచాను.

రెండు వారాలకు మళ్ళీ వచ్చాడు. అదే కట్ట, అదే కాగితం పైన. "అవసరం లేదని చెప్పాను కదయ్యా" అన్నాను, కొంచెం గొంతు పెంచి. ఈసారి ఆయన ఇంకా సంతోషంగా వెళ్ళాడు. మూడోసారి వచ్చినప్పుడు నాకు ఓపిక నశించి, కోలారు వైపు నుంచి కొత్తగా వచ్చి చేరిన అటెండరును పిలిచి, ఈయనకు తమిళంలో చెప్పమన్నాను. అతడు చక్కగా చెప్పాడు. పెద్దాయన తల ఊపాడు. కట్ట సర్దుకున్నాడు.

విషయమేమిటంటే, తమిళంలో అవసరం అంటే తొందర. కన్నడంలోనూ అవసర అంటే తొందరే. నేను అక్కర లేదంటున్నాను, ఆయన తొందరేమీ లేదని వింటున్నాడు. మధ్యవర్తిగా వచ్చిన అటెండరు కూడా, "తొందరేం లేదట తాతా, నిదానంగా రా" అని ఖరారు చేసి పంపించాడు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. ఆయనకు పట్టుపురుగుల పెంపకం. వచ్చిన ప్రతిసారీ పురుగులకు ఆకు వేసే పని ఎవరికో అప్పగించి, ఆ పూటకు కూలి ఇచ్చి వచ్చేవాడట. నాలుగోసారి తెలుగు చదివే మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చినప్పుడు గుట్టు తెలిసింది. అప్పటికి ఆ ఏటి గడువు తీరి పదకొండు రోజులైంది. తప్పు నాది. ఆ రోజు ఆఫీసంతా పగలబడి నవ్వింది, నేనూ నవ్వాను, పెద్దాయన కూడా మర్యాదకు నవ్వాడు. మనవడు నవ్వలేదు.

కార్యాలయ హాస్యం రాయాలనుకునే రచయితలు ఎవరైనా ఉంటే ఈ సన్నివేశాన్ని ఉచితంగా ఇస్తున్నాను, నా పేరు వేయనక్కర లేదు. గుమాస్తాను ఇంకా మూర్ఖుణ్ణి చేసినా అభ్యంతరం లేదు. పెద్దాయనను గోదావరి జిల్లాకు మార్చకూడదు. ఆయన బస్సు చార్జీ లెక్కను కూర్పులో కత్తిరించకూడదు. రానూ పోనూ, నాలుగుసార్లు, ఆఖరుసారి ఇద్దరికి.